గురువారం మాస్టారి అడ్వాన్సు

మా బావ చెప్పిన రోజుకు పని ఇచ్చే మనిషి కాదు. ఈ మాట చాటుగా అనడం లేదు, ఆయన ఎదుటే ఎన్నోసార్లు అన్నాను. ఆయన టైలరు. బట్ట ఇచ్చినవాళ్లు "ఎప్పుడు రమ్మంటారు మాస్టారూ?" అని అడిగితే తలెత్తకుండా "గురువారం" అంటాడు. ఏ గురువారమో ఆయనకే తెలియదు. అందుకే వీధి వీధంతా ఆయన్ని గురువారం మాస్టారు అంటుంది. ఎదురుగా అన్నా కోపం రాదు, మీసాల కింద నవ్వుకుంటాడు. కానీ ఒక్క విషయంలో ఆయన్ని వేలెత్తి చూపడానికి లేదు. అడ్వాన్సు పుచ్చుకున్న బట్టను ఎగ్గొట్టడం, పాడు చేసి మసిపూయడం ఆయన ఇంటా వంటా లేవు. ఆలస్యంగానైనా కుట్టి, గుండీలన్నీ లాగి చూసి, మడత పెట్టి ఇస్తాడు.

మా ఇద్దరిదీ ఒకే గది. కిటికీ పక్కన ఆయన కుట్టు మిషను, తలుపు పక్కన నా ఇస్త్రీ బల్ల. నా ఆవిరి ఆయన వైపు పోకూడదని, ఆయన గుడ్డపీలికలు నా వైపు రాకూడదని ఒప్పందం. రెండూ రోజూ జరుగుతాయి, రోజూ తిట్టుకుంటాం. అద్దె చెరి సగం. ఆయన భార్య మా అక్క. ఇంట్లో కూర్చుని కాజాలు కుట్టి, గుండీలు వేసి పంపిస్తుంది.

అడ్వాన్సు గురించి బావకు పెద్ద సిద్ధాంతమే ఉంది. "అడ్వాన్సు అడగని టైలరుకు బట్ట ఇవ్వకూడదురా. వాడికి పని మీద ధ్యాస ఉండదు. నాలుగు డబ్బులు ముందు పుచ్చుకున్నవాడికైతే రాత్రి పడుకున్నా ఆ చొక్కాయే గుర్తొస్తుంది" అంటాడు. నా పనిలో బట్టలు ముందు, డబ్బులు తర్వాత. అడ్వాన్సు ఊసే లేదు. అందుకని ఈ విషయంలో నేను నోరు విప్పితే, "ఇస్త్రీవాడివి, నీకేం తెలుసు" అని కొట్టిపారేసేవాడు. ఆయనకు రెండో సిద్ధాంతం కూడా ఒకటుంది. బట్ట ఇచ్చి వెళ్లినవాడు రోజూ వచ్చి నెత్తిన కూర్చోకూడదు. అలా కూర్చునేవాళ్లంటే ఆయనకు ఒళ్లు మంట.

ఆ మిషను సంగతి కూడా చెప్పాలి. బావ పెళ్లికి ముందు నుంచీ ఒక బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేవాడు. పొద్దున్నించి సాయంత్రం దాకా కాలర్లే, చొక్కాలో మిగతా భాగం ఎలా ఉంటుందో మరిచిపోయానని అనేవాడు. ఆ ఫ్యాక్టరీ ఒకరోజు మూతపడింది. ఆఖరి నెలల జీతాలు ఇవ్వలేక యజమాని మిషన్లు పట్టుకుపొమ్మన్నాడు. బావ తను కూర్చున్న మిషనే తెచ్చుకున్నాడు. ఇనుప బల్లతో సహా నేనూ ఆయనా మోసుకొచ్చాం. నా నడుము నొప్పి ఆ రోజు నుంచీ ఉంది. ఆ మిషను ఆగితే మా అక్క ఇంట్లో పొయ్యి ఆగుతుంది.

అప్పులు అక్క ఆపరేషన్‌తో మొదలయ్యాయి. కడుపులో గడ్డ, ఆలస్యం చేస్తే ప్రమాదమన్నారు. బావ జీవితంలో గురువారం అనకుండా ఒప్పుకున్న పని అదొక్కటే. బ్యాంకు కార్డు మీద కొంత, ఫోన్లో వేలు నొక్కితే ఇచ్చే కంపెనీల దగ్గర కొంత తీసుకున్నాడు. అక్క బతికింది. ఆ తర్వాత ఒకరికి కట్టడానికి ఇంకొకరి దగ్గర, ఇంకొకరికి కట్టడానికి వేరొకరి దగ్గర తీసుకుంటూ పోయాడు. పీకల్లోతు మునిగాక నాకు తెలిసింది. నా దగ్గర మాత్రం ఏముంది, ఇస్త్రీ పెట్టె తప్ప.

ఇక ఫోన్లు మొదలయ్యాయి. పొద్దున టీ తాగకముందే మోగేది. బావ గొంతు మెత్తన, గట్టిగా మాట్లాడటం రాదు. "కడతానండీ, కడతానండీ" అని గోడకేసి చెప్పుకునేవాడు. కొన్నాళ్లకు అది కూడా చేతకాక, ఫోను శబ్దం ఆపేసి గుండీల డబ్బాలో పడేసి మూత పెట్టాడు. ఫోను వణికినప్పుడల్లా డబ్బాలో గుండీలు గలగలమనేవి. కొలతలిస్తున్న మనుషులు ఉలిక్కిపడి చూసేవారు.

"ఎలుకలండీ" అనేవాడు బావ.

"గజ్జెలు కట్టుకున్న ఎలుకలు" అనేవాణ్ణి నేను. ఒకప్పుడైతే నవ్వేవాడు.

మా దగ్గర బట్టలిచ్చే స్కూలు టీచరమ్మ ఒకామె ఆ గలగల విని, ఎలుకలు కావని కనిపెట్టింది. లైబ్రరీ వెనక గదిలో అప్పుల్లో ఉన్నవాళ్లకు సలహా చెప్పే కేంద్రం ఉందని, డబ్బేమీ తీసుకోరని చెప్పింది. బావ వెళ్లాడు. గంటసేపు కూర్చోబెట్టి అన్నీ అడిగారట. మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు.

"ఏమన్నారు బావా?"

"ఏమంటారు? అప్పు మాయం కాదన్నారు. అందరితో మాట్లాడి వాయిదా తగ్గించుకుని మెల్లగా కట్టుకోవాలట. ఏళ్లు పడుతుందట. ఆ మాత్రం నాకు తెలీదా?"

"మళ్లీ రమ్మన్నారా?"

"రమ్మంది ఆవిడ. ఎంతివ్వాలంటే ఏమీ వద్దంది. ఊరికే చెప్పే మాటరా అది. నాలుగు డబ్బులు పుచ్చుకోని మనిషికి నా పని మీద ధ్యాస ఎందుకుంటుంది?"

నాకు కోపం వచ్చింది. మళ్లీ వెళ్లమని రెండు మూడుసార్లు పోరాను. అక్కడితో ఆ కేంద్రం మాట ఆయన నోట రాలేదు.

తర్వాత ఆయన ఫోన్లో ఒక ప్రకటన చూశాడు. అప్పు సగానికి సగం కొట్టేయిస్తామని, ఇక మిమ్మల్ని ఎవరూ వేధించరని. నంబరు నొక్కీ నొక్కగానే అవతలి నుంచి ఒక మగ గొంతు "అన్నయ్యా" అని పలికింది. ఆ పిలుపు ఎలా ఉందంటే, విన్న నాకే ఇంట్లోంచి తప్పిపోయిన తమ్ముడు దొరికినట్టు అనిపించింది. బావ తన గోడంతా వెళ్లబోసుకున్నాడు. ఆ మనిషి మధ్యలో అడ్డు రాకుండా అంతా విన్నాడు. ఆఖర్న, పని మొదలుపెట్టాలంటే అడ్వాన్సు కట్టాలన్నాడు.

నేను ఇస్త్రీ ఆపి బావ మొహం చూశాను. ఆయన మొహంలో అనుమానం వస్తుందనుకున్నాను. వెలుగు వచ్చింది.

"విన్నావా? పని తెలిసినవాడు. సూటిగా అడ్వాన్సు అడిగాడు" అన్నాడు ఫోను పెట్టేసి.

"బావా, వాడెవడో మనం చూడలేదు. ఆఫీసు ఎక్కడో తెలీదు."

"ఫొటో పంపాడు, అద్దాల మేడ."

"అద్దాల మేడ ఫొటో నేనూ పంపగలను."

"ఇస్త్రీవాడివి, నీకేం తెలుసు" అన్నాడు.

పంపేశాడు. బ్యాంకులకు కట్టాల్సింది ఇకనుంచి నెలనెలా తమకే కట్టమన్నారు, కూడబెట్టి ఒకేసారి సగానికి తెంపేస్తామన్నారు. బ్యాంకు వాళ్ల ఫోన్లు ఎత్తొద్దన్నారు, ఎత్తితే బేరం చెడుతుందట. ఎత్తకపోవడం బావకు అప్పటికే అలవాటు. డబ్బాలో గుండీలు ఇదివరకటికంటే ఎక్కువ గలగలమన్నాయి. ఆయన మాత్రం, తన పని మంచి టైలరు చేతిలో ఉన్నట్టు, తల వంచుకుని కుట్టుకున్నాడు.

నెలలు గడిచాయి. ఏమైందో కనుక్కోమని నేను పోరు పెడితే, "ఎవరి పని వాళ్లని చేసుకోనివ్వాలి. బట్ట ఇచ్చి నెత్తిన కూర్చుంటే ఎవడికి మాత్రం చెయ్యి ఆడుతుంది?" అనేవాడు. ఒకసారి నా నస పడలేక ఫోన్ చేశాడు. ఆ తమ్ముడుగారు, "వచ్చే వారం కల్లా అయిపోతుంది అన్నయ్యా, గురువారం చూసుకోండి" అన్నాడు. ఆ గురువారం మాటకు బావ మనసు ఇంకా కుదుటపడింది. నాకైతే ఒళ్లు మండి, ఆ పూట ఎవరిదో చొక్కా కాలరు కాస్త కాల్చాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఆ గొంతే తనంతట తాను ఫోన్ చేసింది. అన్నీ కుదిరిపోయాయట. బ్యాంకులు సగానికి ఒప్పుకున్నాయట. ముగింపు ఫీజు ఒక్కటి కట్టేస్తే చాలు, జీవితాంతం హాయిగా నిద్రపోవచ్చట. ఆ ఫీజు ఎంతో విని నేను బల్ల పట్టుకున్నాను. బావ మిషను పట్టుకున్నాడు. ఆయన ఎందుకు పట్టుకున్నాడో నాకు అప్పుడు తెలియలేదు. పాత సామాన్ల వ్యాపారికి దాన్ని చూపించాడని, ఖరీదు ఒప్పుకున్నాడని, బండి ఫలానా రోజు సాయంత్రం వస్తుందని తర్వాత చెప్పాడు. అక్కకు చెప్పొద్దన్నాడు.

"మిషను అమ్మేసి ఏం చేస్తావు?"

"ఏ దుకాణంలోనో కూలికి కుడతాను."

"ఈ వయసులోనా? ఎవడిస్తాడు?"

"అప్పు లేకుండా ఉంటానుగా" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన కళ్ల నిండా అలసటే. అప్పు తీరడం కంటే ఫోను ఆగడమే ఆయనకు కావాల్సింది. ఆ డబ్బా గలగలమనకుండా ఉంటే చాలనుకునే దశకు వచ్చేశాడు.

బండి వచ్చే రోజు మధ్యాహ్నం అక్క వచ్చింది. మామూలుగా అయితే కాజాల మూట నేనే వెళ్లి తెచ్చుకుంటాను. ఆ రోజు వెళ్లడానికి నాకు మొహం చెల్లలేదు. అక్కతో మాట్లాడితే నోరు జారతానని భయం. నేను రాకపోయేసరికి తనే మెల్లగా నడుచుకుంటూ వచ్చేసింది. చొక్కాల మూట నా బల్ల మీద పెట్టి, పొట్ట మీద చెయ్యి అదిమి పట్టుకుని, గది కలయజూసింది. మిషను నిగనిగలాడుతోంది. కత్తెరలు, టేపు, బాబిన్లు ఒక సంచిలోకి చేరాయి.

"ఏవండీ, మిషను ఎందుకు తుడిచారు?"

"దుమ్ము పట్టింది."

"ఇన్నేళ్లూ పట్టిన దుమ్ము ఇవాళ కనిపించిందా?"

బావ గుడ్డ తీసి మళ్లీ మిషను తుడవబోయాడు. ఇక నావల్ల కాలేదు.

"అమ్మేస్తున్నాడక్కా. సాయంత్రం బండి వస్తోంది. అప్పులు తెంపే కంపెనీ వాళ్లకు ఫీజు కట్టాలట."

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. కొలతలిచ్చేవాళ్ల కోసం వేసిన స్టూలు మీద కూర్చుంది. "నన్ను బతికించుకోవడానికి ఇంత అయ్యిందన్నమాట" అంది.

"నీకోసం కాదే. అప్పు కోసం" అన్నాడు బావ.

"ఆ అప్పు ఎవరి కోసం?"

అక్క కంపెనీ సంగతంతా అడిగి తెలుసుకుంది. ఎప్పుడు మొదలుపెట్టారు, ఎంత కట్టారు, వాళ్లు ఏం చేశారు అని. బావ మొదటి రెండింటికీ చెప్పాడు. మూడోదానికి, "అన్నీ కుదిరాయన్నారు" అన్నాడు.

"ఏదీ, కుదిరింది చూపించారా?"

"ఫీజు కడితే చూపిస్తారట."

అక్క సంచిలోంచి టేపు తీసి వేళ్లకు చుట్టుకుంటూ, "మీరు కోటు కుడతారు కదా. సగం కుట్టి ట్రయల్ వేయకుండా, మిగతా డబ్బు ఎవరినైనా అడిగారా?" అంది.

"అదెలా అడుగుతాను? ఒంటి మీద వేసి చూపించాకే."

"మరి వాళ్ల ట్రయల్ ఏది?"

బావ మెడలో ఇంకో టేపు ఉంది, దాన్ని తీసి మళ్లీ వేసుకున్నాడు. ఇన్ని నెలలుగా అడ్వాన్సు ఒక్కటే పట్టుకుని వేలాడిన మనిషికి, తన పనిలోనే ఇంకో పద్ధతి ఉందని గుర్తొచ్చింది. గుండీల డబ్బా మూత తీసి, ఫోను బయటికి తీసి, కంపెనీ నంబరు నొక్కి మా ఇద్దరికీ వినపడేలా బల్ల మీద పెట్టాడు.

"చెప్పండన్నయ్యా, డబ్బు రెడీయేనా?"

"రెడీ అవుతోంది తమ్ముడూ. ఒక్క మాట. నా అప్పుల్లో అన్నిటికంటే చిన్నది ఫోన్లో అప్పిచ్చే కంపెనీది ఉంది. ఇన్ని నెలలూ నేను కట్టిన దాంట్లోంచి ముందు అది తీర్చెయ్. తీరిందని వాళ్లతో నాకు చెప్పించు. ఆ పూటే మిగతాది పంపిస్తాను."

"అలా విడివిడిగా కుదరదన్నయ్యా. కంపెనీ రూలు."

"పోనీ ఏ ఒక్కటి కుదిరినా సరే, అదే చూపించు. ట్రయల్ వేసినట్టు అనుకో."

ఈసారి వచ్చిన గొంతులో తమ్ముడు లేడు.

"చూడండి. సాయంత్రం లోపు ఫీజు రాకపోతే ఫైలు మూసేస్తాం. మీరు కట్టింది తిరిగి రాదు. బ్యాంకు వాళ్లు కేసు వేస్తారు, పోలీసులు ఇంటికొస్తారు. తర్వాత నన్ను అనొద్దు."

బావ గొంతు మాత్రం ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "నేనూ ఆలస్యం చేసే మనిషినే తమ్ముడూ. నెలల తరబడి తిప్పుకున్నవాళ్లున్నారు. అడ్వాన్సు ఇచ్చినవాణ్ణి బెదిరించడం మాత్రం నాకు తెలీదు" అన్నాడు.

అవతల పెట్టేశారు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

"బ్యాంకుకు చెయ్యండి" అంది అక్క.

బావ వద్దన్నట్టు తల ఊపాడు. ఆయనకు భయం. నిజంగా చెబుతున్నాను, ఆ కాసేపట్లో ఆయన స్కూలు ఎగ్గొట్టి దొరికిపోయిన పిల్లాడిలా కనిపించాడు. అక్కే కార్డు వెనకున్న నంబరుకు చేసింది. వాళ్లు బావతోనే మాట్లాడాలన్నారు. అక్క ఫోను ఆయన నోటి దగ్గర పెట్టింది.

"నా తరఫున ఒక కంపెనీ మీతో మాట్లాడిందా అమ్మా?" అని అడిగాడు.

అవతలి అమ్మాయి కాసేపు వెతికింది. "మీ తరఫున ఎవరూ మాట్లాడలేదండీ. మేమే మీకు చేస్తున్నాం, ఎత్తడం లేదు. కట్టలేని పరిస్థితి ఉంటే చెప్పండి, వాయిదా తగ్గించడానికి వీలుంటుందేమో చూద్దామని కూడా చేశారు ఇక్కడివాళ్లు. జవాబు లేదని రాసి ఉంది" అంది.

బావ గుండీల డబ్బా వైపు చూశాడు. నేనూ చూశాను. ఆ పిల్లకు థాంక్స్ చెప్పి పెట్టేశాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను, ఏడ్చినా బాగుండేది. ఫోను మళ్లీ డబ్బాలో వేయకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఇంతలో బండి వచ్చింది. వ్యాపారి లోపలికొచ్చి మిషను మీద చెయ్యి వేశాడు. అప్పుడు బావ అన్న మాటకు నేను నిర్ఘాంతపోయాను. "పట్టుకెళ్లండి. ఆ డబ్బు బ్యాంకుకైనా కట్టేస్తాను" అన్నాడు. ఎవరికో ఒకరికి ఇచ్చేసి చేతులు దులుపుకోవాలన్నంతగా విసిగిపోయాడు.

"ఇది పోయాక నెలనెలా ఏం పెట్టి కడతారు?" అంది అక్క. స్టూలు మీద నుంచి లేచి, వెళ్లి మిషను ముందు బావ కూర్చునే కుర్చీలో కూర్చుంది. కోతపడిన కడుపుతో అక్కడ కూర్చున్న మనిషిని లేవమనడం వ్యాపారికి చేతకాలేదు. బండి బాడుగ ఎవడిస్తాడని కేకలు వేశాడు. నా డబ్బుల పెట్టెలోంచి తీసి ఇచ్చి పంపేశాను. పోతూ పోతూ మా ముగ్గురినీ పిచ్చివాళ్లని అన్నాడు. కాదనలేకపోయాను.

మర్నాడు ముగ్గురం లైబ్రరీ వెనక గదికి వెళ్లాం. ఇరుకు గది, అరిగిపోయిన కుర్చీలు, గోడకు ఆగిపోయిన గడియారం. బల్ల వెనక ఉన్నావిడ వయసు అక్క కంటే ఎక్కువే. మమ్మల్ని చూసి, "మీరు ఇదివరకు వచ్చారు కదండీ, టైలరు గారు" అంది. ఎందుకు మళ్లీ రాలేదని అడగలేదు. బావ జరిగింది చెబుతున్నంతసేపూ ఆవిడ తల ఊపుతూ విన్నది. ఆ కథ ఆవిడకు కొత్త కాదని ఆ తల ఊపడంలోనే తెలిసిపోయింది.

"నేను తప్ప అందరూ తెలివైనవాళ్లే అయ్యుంటారు" అన్నాడు బావ.

"నిన్న ఇదే కుర్చీలో ఒక నర్సు కూర్చుంది. మొన్న ఒక లెక్కల మాస్టారు" అంది ఆవిడ. "పని మొదలుపెట్టకుండానే డబ్బు అడుగుతారు. అప్పిచ్చినవాళ్లతో మాట్లాడొద్దంటారు. సగం పోతుందని ముందే మాటిచ్చేస్తారు. ఎవరి మాట ఎవరు ఇవ్వగలరండీ? తగ్గించాలో లేదో అప్పిచ్చినవాళ్లు కదా చెప్పాలి. అలసిపోయిన మనిషికి మాత్రం ఆ మాట తియ్యగానే ఉంటుంది."

"కట్టింది తిరిగొస్తుందా?"

"పోలీసులకు ఫిర్యాదు రాసి పెడదాం. వస్తుందని మాత్రం నేను చెప్పను."

ఆ మాటకు నాకు ఏడుపొచ్చినంత పనైంది. పోయిన డబ్బంటే కాలర్లు, కాజాలు, అక్క వేలికి సూది గుచ్చుకున్న గాట్లు. ఆవిడ మా ఎదుటే ఫోను తీసి, మాకు వినపడేలా పెట్టి, ముందుగా ఆ చిన్న అప్పు కంపెనీకి చేసింది. బావ చేత మాట్లాడించింది, ఆయన తడబడిన చోట అందుకుంది. అరగంట మాట్లాడింది, బతిమాలినట్టూ కాదు, దబాయించినట్టూ కాదు. చివరికి వడ్డీ మీద వడ్డీ ఆపి, నెలకు కొంచెం కొంచెం కట్టడానికి ఒప్పించింది. బ్యాంకు సంగతి తర్వాతి వారం చూద్దామంది. అంతా కలిపి తీరడానికి ఏళ్లు పడుతుంది. మొదటిసారి చెప్పింది కూడా ఆ మాటే.

బావ జేబులో చెయ్యి పెట్టి, "మీకెంతివ్వమంటారు?" అని మళ్లీ అడిగాడు.

"ఏమీ వద్దండీ. అప్పుడూ చెప్పాను."

బయటికొచ్చి ఇంటిదారి పట్టాం. అక్కకు ఆయాసం వచ్చి ఒక అరుగు మీద కూర్చున్నాం. "ఆవిడ ముందు ట్రయల్ వేసి చూపించిందిరా" అన్నాడు బావ నాతో.

కథ ఇక్కడితో అయిపోతే నాకూ హాయిగానే ఉండేది. ఆ రోజు నుంచి బావకు కొత్త జబ్బు పట్టుకుంది. అడ్వాన్సు తీసుకోవడం మానేశాడు. ఎవరైనా నోటు బల్ల మీద పెడితే వెనక్కి తోసి "కుట్టాక ఇవ్వండి" అనేవాడు. దాంతో మేలు జరుగుతుందనుకుంటే పప్పులో కాలేసినట్టే. కుట్టించుకునేవాళ్లకూ బావ సిద్ధాంతమే. అడ్వాన్సు వద్దన్న టైలరును ఎగాదిగా చూసి, "మళ్లీ వస్తాం లెండి" అని బట్ట చంకన పెట్టుకుని పోయేవారు. ఒకరు కాదు, ఇద్దరు కాదు. వాయిదా రోజు దగ్గరపడుతోంది, మిషను ఖాళీగా ఉంటోంది. వ్యాపారి ఒకసారి వీధిలో పోతూ లోపలికి తొంగి చూసి పోయాడు.

వాయిదా రేపనగా ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. యూనిఫాం ప్యాంట్లు రెండు కుట్టాలి. కొలతలయ్యాక అడ్వాన్సు బల్ల మీద పెట్టాడు. బావ వెనక్కి తోశాడు.

"ఏం, కుట్టరా?" అన్నాడు డ్రైవరు.

"కుడతాను. కుట్టాకే ఇవ్వండి."

డ్రైవరు ఆయన్నీ, ఖాళీ మిషన్నూ చూశాడు. గుడ్డ మడత పెట్టుకున్నాడు. "సరే, ఇంకోసారి వస్తాను" అని గుమ్మం దాటాడు.

నా కోపం నషాళానికి అంటింది. "బావా, రేపు ఏం కడతావు? ఈ గుండీలా?"

ఆయన తల వంచుకుని, "డబ్బు ముందు పుచ్చుకుంటుంటే వాడి గొంతు వినిపిస్తోందిరా. నేనే అవతలివాణ్ణి అన్నయ్యా అని పిలుస్తున్నట్టు ఉంటోంది" అన్నాడు.

ఇస్త్రీ పెట్టె కింద పెట్టి, గుమ్మంలోకి పోయి డ్రైవరును కేకేసి పిలిచాను. అతను విసుక్కుంటూనే వెనక్కి వచ్చాడు. బావ నా వైపు ఒకసారి చూసి, లేచి, బల్ల మీద నోటు పెట్టించుకున్నాడు. పెట్టించుకున్నవాడు అతన్ని కదలనివ్వలేదు. "ఒక్క నిమిషం నిలబడండి" అని, గుడ్డ పరిచి, సుద్దతో గీసి, అతని కళ్లెదుటే కత్తెర వేశాడు. ఇన్నేళ్లలో బట్ట ఇచ్చిన రోజునే ఆయన కత్తెర పట్టడం నేను చూడలేదు.

"ఎప్పుడు రమ్మంటారు?" అన్నాడు డ్రైవరు.

బావ నోరు తెరిచాడు. గురువారం అనబోయాడని నాకు తెలుసు. "రేపు పొద్దున. ట్రయల్‌కి" అన్నాడు.

కత్తిరించిన గుడ్డ చూసి డ్రైవరుకు నమ్మకం కుదిరింది. జేబులోంచి మిగతా నోట్లు కూడా తీసి, "మొత్తం ఇప్పుడే ఉంచేసుకోండి మాస్టారూ. మళ్లీ మళ్లీ ఎందుకు" అని చాపాడు. ఆ నోట్లు రేపటి వాయిదాకు సరిపోతాయి. నేను లెక్క వేశాను, బావ కూడా వేసే ఉంటాడు. ఆయన వాటిని అతని చేతిలోనే మడిచి పెట్టాడు.

"వేసుకుని చూశాక ఇద్దురుగాని. నన్ను కూడా అంత నమ్మకండి" అన్నాడు.

డ్రైవరు తమాషా అనుకుని గట్టిగా నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. బావ కూర్చుని మిషను మీద కాలు వేశాడు. సాయంత్రం దాకా నేను నా బల్ల దగ్గర, ఆయన తన మిషను దగ్గర ఉన్నాం. గుడ్డపీలికలు నా వైపు వచ్చి పడ్డాయి. ఏమీ అనకుండా ఏరి పక్కన పెట్టాను.